ఊరికే కదిలిన పడవ

మా మామ ఇది చదవలేడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో మాదొకటి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను మాత్రం ముప్పై దాటాక పంతానికి పోయి, పిల్లల వాచకం తెచ్చుకుని నేర్చుకున్నాను. ఇప్పుడెందుకే ఇది అని అమ్మ అడిగితే ఏదో చెప్పాను. ఎందుకో నాకిప్పుడు తెలుస్తోంది. మనిషి ముందు నోరు పెగలనిది ఆయన చదవలేని అక్షరాల్లో రాసుకోవడానికి. పిరికితనానికి కూడా కొంత చదువు కావాలి.

మామ అంటే అమ్మ తమ్ముడు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. బజారులో చిన్న బట్టల కొట్టు ఉంది ఆయనకు. రవికె గుడ్డలు, లంగా గుడ్డలు, దిండు గలీబుల గుడ్డ, అంతకుమించి ఏమీ ఉండవు. కానీ గుడ్డ కోసే తీరు చూడాలి. సుద్దతో గీత గీయడు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, కత్తెర నోరు సగం తెరిచి ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్క తోపు తోస్తాడు. సర్రుమని చప్పుడు. గుడ్డ నూలు పోగు కూడా వంకర పోకుండా రెండవుతుంది. సముద్రపొడ్డున ఉన్న వీరాంపట్టినం నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్లు కూడా మామ చేత్తోనే కోయాలనేవాళ్లు. ఆ చెయ్యి మంచిదట.

మా వాళ్లలో మేనమామకు అక్క కూతుర్ని ఇవ్వడం కొత్తేమీ కాదు. నాకు ఇరవై రెండేళ్లు వచ్చి, డిగ్రీ చేతికి రాగానే ఇంట్లో అడిగారు. నేను వద్దనలేదు. సరే అనీ అనలేదు. ఉద్యోగం రానివ్వండి, చూద్దాం అన్నాను. ఉద్యోగం వచ్చాక, ఇంకో ఏడాది పోనివ్వండి, చూద్దాం అన్నాను. అలా అయిదేళ్లు నాన్చాను. నిజానికి నాకు మొదటిరోజే తెలుసు. నన్ను భుజాన ఎక్కించుకుని తేరు చూపించిన మనిషిని మొగుడని అనుకోవడం నా వల్ల కాలేదు. ఆ ముక్క అంటే ఆయన నొచ్చుకుంటాడు, అమ్మ ఏడుస్తుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, నేను మాత్రం మంచిదాన్ని అనిపించుకోవాలి.

ఆ అయిదేళ్లలో ఆయనకు వేరే సంబంధాలు వచ్చాయి. "పాప ఇంకా ఏమీ చెప్పలా కదక్కా" అని అన్నింటినీ తిప్పి పంపాడు. తర్వాత నేను ఆఫీసులో ఒకతన్ని చూసుకుని పెళ్లి చేసుకున్నాను. నా పెళ్లికి తొమ్మిది రవికె గుడ్డలు మామే కోసి తెచ్చాడు, తొమ్మిదీ పసుపు రాసి. ఆ తర్వాత ఆయన తన పెళ్లి మాటే ఎత్తలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మాట అనకపోవడం మా ఇంటి మర్యాద, ఆ మర్యాదను నేను బాగా వాడుకున్నాను.

ఇక నా పని సంగతి చెప్పాలి. ముదలియార్‌పేటలో పంక్చర్ల షాపు మీద మేడలో ఒక చిన్న కంపెనీ ఉంది. పిల్లలు ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తాం. బంతులు, కుందేళ్లు, రైళ్లు. వాటికి బొమ్మలు గీసేది ఒకరు, పాటలు పెట్టేది ఒకరు. వాటిని కదిలించేది నేను.

తెర మీద ఏదీ తనంతట తాను కదలదు. సెకనుకు అరవై సార్లు కంప్యూటర్ ఆ బొమ్మను చెరిపి మళ్లీ గీస్తుంది. గీసే ముందు ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది కదులుతోందా? జవాబు దాచుకునే చోటును మేము ఫ్లాగ్ అంటాం. అందులో అవును అని ఉంటే బొమ్మను ఒక చుక్క ముందుకు జరిపి గీస్తుంది. కాదు అని ఉంటే ఉన్నచోటే గీస్తుంది. మూడో జవాబు పట్టదు. చూద్దాం అని అందులో రాయలేం. నా వంటిదానికి ఈ ఉద్యోగం దొరకడం, పదమూడేళ్లుగా దాంతోనే పొట్ట పోసుకోవడం, ఎవరో నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది.

అవును అని పెట్టినవాళ్లే దాన్ని కాదు అని మార్చే చోటు కూడా రాయాలి. అది మరిచిపోతే కుందేలు తెర దాటి, ఎవరికీ కనబడని చోట పరుగెడుతూనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఈ పాఠం చెబుతాను. రెండోసారి అదే తప్పు చేస్తే అరుస్తాను కూడా. చెప్పడానికేం, నాలుకకు నరం లేదు కదా.

పోయిన తై నెలలో, సంక్రాంతి వెళ్లాక, మామ కొట్లో గుడ్డ కొలుస్తూ కొలుస్తూ కూలబడ్డాడు. పక్షవాతం. మాట దక్కింది, కాలు నెలలోపే తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం భుజానికి వేలాడే పరాయి వస్తువైపోయింది. ఒర్లియంపేటలో మా అమ్మ దగ్గరే ఉంటాడు ఆయన. వ్యాయామం చేయించడానికి ఒకమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, ముందుకు తోసి వెనక్కి లాగమనేది. చెయ్యి ఎత్తి చూడమనేది. మొదటి నెలలు చాలా ముఖ్యం, వదలకుండా చేయించండి అని అమ్మకు మరీ మరీ చెప్పింది. ఆ అమ్మాయి మెట్లు దిగగానే మామ తువ్వాలు మడిచి పక్కన పెట్టేవాడు.

"బల్ల తుడిచేదానికా నేను బతికింది?" అనేవాడు.

కత్తెర పట్టడం ఒక్కటే ఆయనకు కావాలి. తిరిగి కొట్లో నిలబడి గుడ్డ కోస్తే చాలు, మిగతా లోకంతో పనిలేదు. తువ్వాలుకూ కత్తెరకూ ఏం సంబంధమో ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. అప్పుడు నాకు ఆట తట్టింది.

పాత ఫోను ఒకటి ఆయన మణికట్టుకు కట్టాలి. ఫోను ఎటు వంగిందో, ఎంత లేచిందో దానికే తెలుస్తుంది. నా ల్యాప్‌టాప్ తెర మీద వీరాంపట్టినం ఒడ్డు, నీలం ఎరుపు పడవ ఒకటి. గంట మోగుతుంది. మోగాక చెయ్యి ఎత్తాలి. లేచిందని ఫోను చెబితే పడవ ఫ్లాగ్ అవును అవుతుంది, పడవ ఒక అల దాటుతుంది, ఫ్లాగ్ మళ్లీ కాదు అవుతుంది. ఇరవై గంటలు మోగేలోపు ఇరవై అలలు దాటితే పడవ దీవి చేరుతుంది. చిన్నప్పుడు ఆడి నెలలో, అంటే ఆషాఢం వేళకి, అక్కడ తేరు చూసి తిరిగి వచ్చేటప్పుడు, ఇసుకలో లాగి పెట్టిన పడవల్లో ఆయన నన్ను ఎక్కించి కూర్చోబెట్టేవాడు. ఆ పడవల రంగులే వేశాను. ఆయన గుర్తుపట్టాలని.

ఆఫీసులో తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని మూడు వారాల్లో ముగించాను. సరిచూసుకోవడానికి మాటిమాటికీ ఫోను చేతికి కట్టుకోవడం విసుగు. అందుకని మా వృత్తిలో అందరూ చేసే పనే చేశాను. ఇంకో ఫ్లాగ్ పెట్టాను. అది అవును అని ఉంటే, ఫోను ఏం చెప్పినా సరే, గంట మోగిన ప్రతిసారీ పడవ కదులుతుంది. దానికి ఇంగ్లీషు అక్షరాల్లో 'ఊరికే' అని పేరు పెట్టాను. ఆఫీసులో ఆ మాట తెలిసినవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు.

ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లాను. అమ్మ కొట్టు నుంచి తెచ్చిన గుడ్డముక్కతో ఫోను ఆయన చేతికి కట్టింది. గంట మోగింది. మామ పళ్లు బిగించాడు, మెడనరాలు పొంగాయి, భుజం కొంచెం లేచింది. పడవ కదిలింది.

ఆయన మొదట పడవను చూశాడు, తర్వాత తన చేతిని చూశాడు.

"పోయిందే!" అన్నాడు. "అక్కా, పోయిందే! చూసినావా?"

అమ్మ గోడ మీది పటానికి దండం పెట్టింది. గంట మళ్లీ మోగింది, పడవ మళ్లీ కదిలింది. ఇరవై అలలూ దాటి దీవి చేరింది. మామ ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. పదిహేనేళ్ల తర్వాత ఆయనకు ఒక మంచి పని చేశాననిపించింది, అది దాచుకోలేనంత సంతోషం. ల్యాప్‌టాప్ అక్కడే వదిలి వచ్చేశాను.

మరునాడు పొద్దున ఆఫీసు కంప్యూటర్లో ఆట ఫైలు తెరిచాను, అలల చప్పుడు కాస్త తగ్గిద్దామని. ఊరికే, అవును. అది అలాగే ఉంది. అంటే నిన్న పడవను నడిపింది మామ చెయ్యి కాదు.

ఒక్క మాట మార్చాలి. అవును చెరిపి కాదు అని రాయాలి, సాయంత్రం వెళ్లి అమ్మ ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్కించాలి. అంతే పని. ఆ సాయంత్రం వెళ్లాను. మామ పక్కింటివాళ్లను పిలిచి పడవ చూపిస్తున్నాడు. ఈ వారం పోనిద్దాం అనుకున్నాను. వారం పోయాక, ఇప్పుడు మారిస్తే కుంగిపోతాడు, నిజంగా బలం వచ్చాక మారుద్దాం అనుకున్నాను. ఎన్ని చూద్దాంలో నా దగ్గర, అడక్కుండానే పుట్టుకొస్తాయి.

ఒకరోజు గంట మోగినప్పుడు ఆయన కునుకు తీస్తున్నాడు. కళ్లు తెరిచేసరికి పడవ కదులుతోంది. ఆయన నా వైపు తిరిగి, "నాకు తెలీకుండానే చెయ్యి ఆడతా ఉండాది చూడు పాపా. స్పర్శ లేదు గానీ లోపల బలం వస్తా ఉండాది" అన్నాడు. నేను అవును మామా అన్నాను. ఆ అవును నా నోటితో నేనే అన్నాను, దానికి ఏ కంప్యూటరూ బాధ్యత కాదు.

తువ్వాలు మూలన పడింది. వ్యాయామం అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, తేడా ఏమీ లేదు సార్, రోజూ చేస్తున్నారా అని తమిళంలో అడిగిందట. పడవ రోజూ దీవికి పోతా ఉంటే తేడా లేదంటావేమిటని మామ ఆ పిల్ల మీద ఎగిరాడట. ఇక రావొద్దని పంపేశాడు. ఇదంతా అమ్మ ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. ఆ అమ్మాయిని మళ్లీ పిలువమ్మా అని నేను అనాలి. అనలేదు. సరేలేమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఫ్లాగ్ తీయడం మరిచిపోయింది పొరపాటు, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. ఈ సరేలేమ్మా పొరపాటు కాదు.

మామ కత్తెరకు సాన పట్టించాడు. ఆడి నెల అమ్మకాలకు తానే కొట్లో నిలబడి కోస్తానని పనివాళ్లకు కబురు పెట్టాడు. కత్తెర బల్ల మీద, ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకునేవాడు.

ఆడి ఇంకో రెండు వారాలుందనగా అమ్మ ఫోన్ చేసింది. మామ రమ్మంటున్నాడు, ఏమో మాట్లాడడం లేదు అంది. వెళ్లాను. మామ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చేతికి ఫోను లేదు. అది కిటికీ గట్టు మీద ఉంది, కట్టుగుడ్డ పక్కన మడిచి ఉంది.

"కూచో" అన్నాడు.

కూర్చున్నాను. గంట మోగింది. పడవ అల దాటింది. మళ్లీ మోగింది, మళ్లీ దాటింది. ఆయన తెర వైపు చూడడంలేదు, నన్ను చూస్తున్నాడు.

"పొద్దున చెమట పట్టిందని విప్పి ఆడ పెట్టి, కాఫీ తాగతా ఉండా. నా చెయ్యి ఈడ ఉండాది. ఫోను ఆడ ఉండాది. పడవ యాడికి పోతా ఉండాది పాపా?"

"సరిచూసేదానికి ఒకటి పెట్టుకొన్నా మామా. తీసేది మర్చిపోయినా."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"మరునాడే" అన్నాను.

"మరునాడే" అన్నాడు ఆయన కూడా. పడవ ఇంకో అల దాటింది. "ఇన్ని నెలలు. ఆ పిల్లను కూడా తరిమేస్తి."

"నువ్వు సంతోషంగా ఉండావని మామా. నీకు నొప్పి కాకూడదని..."

"అప్పుడూ ఇదే కదా." గొంతు పెంచలేదు. "నాకు నొప్పి కాకూడదని అయిదేండ్లు. వద్దని ఒక మాట చెప్పుంటే ఒక దినం ఏడ్చి లేచి పోయుందును. నువ్వు చెప్పలా. నేను దగ్గరికి పోతా ఉండాననే అనుకొంటి."

పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ అనని మాట అది. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి. చెయ్యి సంగతి మాట్లాడుతూ పాతవన్నీ ఎందుకు తవ్వుతాడనిపించింది. కానీ రెండూ ఒకటేనని ఆయనకంటే ముందు నాకే తెలుసు.

"ఇప్పుడన్నా చెప్పు" అన్నాడు. "అప్పుడు నీకు ఇష్టం ఉండెనా, లేదా?"

"లేదు మామా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు."

తల ఊపాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టి ఎత్తి, బల్ల మీద పెట్టుకున్నాడు. "సరే. అది అయిపోయె. ఇప్పుడు దీన్ని సరిచెయ్."

ఆయన ముందే ఫైలు తెరిచి ఊరికేను తీసేశాను. ఒక ఫ్లాగ్ తీయడానికి అరనిమిషం కూడా పట్టలేదు. అయినా నోరు ఊరుకోలేదు. "అవును కాదు లేకుండా కూడా రాయొచ్చు మామా. చెయ్యి రవ్వంత లేస్తే పడవ రవ్వంత పోయేటట్ల చేస్తా. కొంచెం కొంచెంగా కనిపిస్తాది" అన్నాను. ఈసారి అది మోసం కాదు. వైద్యానికి అదే మేలు కూడా.

"ఒద్దు" అన్నాడు. "నీ కొంచెం కొంచెం నాకు ఒద్దు. లేస్తే లేచిందని చెప్పాల. లేకుంటే లేదని చెప్పాల."

కట్టుగుడ్డ తీసి ఫోను కట్టాను. గంట మోగింది. పళ్లు బిగించాడు, మెడనరాలు పొంగాయి, భుజం కొంచెం లేచింది. చెయ్యి బల్ల మీదే ఉంది. పడవ ఒడ్డునే ఉంది. ఇరవై గంటలూ అలాగే మోగాయి.

ఆడి నెల వచ్చింది, పోయింది. మామ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు, గుడ్డలు పనిచేసే అతను కోశాడు. వీరాంపట్టినం ఆడవాళ్లు వంకర పోయిందని గొణిగారట. వ్యాయామం అమ్మాయి దగ్గరికి నేనే వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. చెయ్యి చూసి, మామ ముందు ఏమీ అనలేదు. మెట్ల దగ్గర నాతో మాత్రం, ఆ నెలలు పోకుండా ఉండాల్సింది అక్కా అంది. ఇప్పుడు మామ ఒక్కరోజు మానకుండా తువ్వాలు తోస్తున్నాడు.

ఆదివారాలు నేను వెళ్తాను. ఆట ఆడేటప్పుడు నన్ను ఎదురుగా కూర్చోమంటాడు. నా రెండు చేతులూ బల్ల మీద, ఆయనకు కనబడేలా పెట్టుకోవాలి. మొదటిసారి అలా పెట్టమన్నప్పుడు ఎక్కడలేని రోషం వచ్చింది. ఇప్పుడు అడగకముందే పెట్టేస్తున్నాను.

పోయిన ఆదివారం పదకొండో గంట మోగగానే పడవ కదిలింది.

నేను చూశాను, ఆయన మణికట్టు బల్ల మీంచి లేచింది. రెండు వేళ్ల ఎత్తు ఉంటుంది. లేచి, పడింది. పడవ ఒక అల దాటి ఆగింది. మామ పడవను చూడలేదు. నా చేతుల్ని చూశాడు.

"ఏం చేసినావు?"

"నేనేం చెయ్యలా మామా. నువ్వే. నీ చెయ్యే."

"విప్పు" అన్నాడు.

ఫోను విప్పాను. కిటికీలో పెట్టమన్నాడు, పెట్టాను. ఇద్దరం గంట కోసం కాచుకుని కూర్చున్నాం. మోగింది. పడవ కదల్లేదు. ఇంకోసారి మోగేదాకా ఆగాడు. అప్పుడూ కదల్లేదు.

"చూడు మామా. ఇంక అబద్ధం లేదు దాంట్లో. కదిలింది నువ్వే" అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది.

మామ తెరను చూశాడు. తర్వాత ఎడమచేత్తో కుడిచేతిని నా ముందుకు జరిపాడు, మళ్లీ కట్టమని.

"చూద్దాం" అన్నాడు.